ఊగని నీళ్లు

ఛాతీ వార్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. హాజరు పట్టీలో ఆమె వార్డు సహాయకురాలు. నర్సులకూ రోగులకూ గేటు దగ్గరి కాపలావాడికీ సీసాలక్క. పక్కటెముకల సందులోంచి గొట్టం వేసిన రోగుల మంచాల కింద ఒక్కో సీసా ఉంటుంది. దాన్ని ఖాళీ చేయడం, కడగడం, మళ్లీ కొలత ప్రకారం నీళ్లు పోసి అమర్చడం, ఇరవైనాలుగు గంటల్లో ఎంత కారిందో నర్సుకు చెప్పి రాయించడం ఆమె పని. ఇరవై రెండేళ్లుగా అదే వార్డు, అదే పని.

ఆ పనికి ఆమె తనకు తానే ఏర్పరచుకున్న పద్ధతి ఒకటుంది. ముందు సీసాను ముట్టుకోదు. మంచం పక్కన గొంతుక్కూర్చుని, రోగి పది ఊపిర్లు తీసేదాకా ఊరికే చూస్తుంది. గొట్టం చివర సీసాలోని నీళ్లలో మునిగి ఉంటుంది కాబట్టి, మనిషి ఊపిరి పీల్చినప్పుడు గొట్టంలో నీళ్లు పైకి లేస్తాయి, వదిలినప్పుడు దిగుతాయి. "ఊగుతుంటే దారి తెరుచుకుని ఉన్నట్టు," అని కొత్తగా చేరిన నర్సులకు చెబుతుంది. ఊగడం ఆగిపోతే రెండు అర్థాలున్నాయి. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని గొట్టంతో అవసరం తీరిపోయి ఉండవచ్చు. లేదా గొట్టం ఎక్కడో మూసుకుపోయి ఉండవచ్చు. మొదటిది మంచి కబురు. రెండోది ప్రాణం తీసేది. బయటినుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి.

రోగి అడిగితే అంకె చెప్పడం ఆమెకున్న రెండో అలవాటు. ఇది ఆసుపత్రి నేర్పింది కాదు. ఆమె మొదటిసారి ఈ వార్డులోకి వచ్చింది ఉద్యోగానికి కాదు, భర్తకు తోడుగా. నలభై రోజులు ఆయన మంచం పక్కన కూర్చుంది. సీసా నిండేది, ఎవరో వచ్చి తీసుకుపోయేవారు, కాగితం మీద ఏదో రాసేవారు. ఎంత అని అడిగితే "డాక్టరుగారు చెబుతారు" అనేవారు. డాక్టరుగారు ఒకే ఒక్కసారి చెప్పారు, చివరి రోజున. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే అదే వార్డులో పనికి చేరిన ఆమె, అడిగిన ఏ మనిషికీ అంకె దాచలేదు.

పరంజా మేస్త్రి ఆ వార్డుకు వచ్చింది ఎండాకాలం మొదట్లో. వెదురు బొంగులతో, తాళ్లతో కట్టే పరంజాలు అతనివి. పన్నెండు మంది ముఠాకు పెద్ద. రెండో అంతస్తు ఎత్తునుంచి వెనక్కి జారి, కింది అడ్డబొంగు మీద వీపు ఆనేలా పడ్డాడు. వెన్ను విల్లులా వెనక్కి వంగింది. చర్మం గీరుకోలేదు, రక్తం చుక్క రాలేదు. ఒక పక్కటెముక చిట్లిందన్నారు, కట్టు కట్టి ఇంటికి పంపారు. అయిదో రోజున మెట్లు ఎక్కలేకపోయాడు. ఎక్స్‌రే తీస్తే కుడివైపు ఛాతీ సగందాకా తెల్లగా నిండి ఉంది. గొట్టం వేయగానే లీటరుంపావు నీరు దిగింది, పలుచగా, కాస్త ఎరుపు కలిసిన పసుపు రంగులో. దెబ్బ తగిలిన ఛాతీలోంచి అలాంటి నీరు రావడం మామూలే కనుక ఎవరూ దాన్ని రెండోసారి చూడలేదు.

ఊపిరి ఆడిన గంటకే అతనికి నోరు లేచింది.

"అక్కా, కిందున్న సీసా నాదా, పక్కాయనదా? నాదైతే కాస్త లోపలికి జరుపు. ఎవడైనా ఎత్తుకుపోతాడు."

"ఎత్తుకుపోతే పుణ్యం కట్టుకున్నట్టే. నాకు కడిగే బాధ తప్పుతుంది."

మంచం అవతల స్టూలు మీద కూర్చున్న అతని భార్య అందుకుంది. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దర్జీ. మొగుడు అక్కా అన్నాడు కనుక ఆమెకు సీసాలక్క వదిన అయిపోయింది. "వదినా, ఈయన నోటికి కూడా ఒక గొట్టం వేయించు. పడ్డప్పటినుంచీ మాటలకి అడ్డూ ఆపూ లేదు."

పడ్డ రోజునుంచీ అతను సరిగా తినలేదు. ఊపిరి తేలికపడ్డాక ఆకలి తిరిగొచ్చింది. భార్య సంతోషంగా రెండు గుడ్లు వేయించి తెచ్చింది, మీగడతో సహా గ్లాసెడు పాలు పట్టించింది. ఆ మర్నాడు ఉదయం సీసాలో ఉన్నది నీరు కాదు. చిక్కగా, తెల్లగా, పాలలాగే ఉంది.

చిన్న డాక్టరు సీసాను వెలుతురుకు ఎత్తి చూసి మొహం ముడుచుకున్నాడు. "చీము పట్టేసింది. మందు మార్చాలి."

సీసాలక్క అక్కడే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లలో ఆమె కడిగిన చీముకు లెక్క లేదు. "సార్, చీమైతే వాసన రాదా? దీనికి వాసనే లేదు."

"అన్నిసార్లూ రాదు."

"జ్వరం కూడా లేదు. పైగా నిన్న పొద్దున తెల్లగా లేదు సార్. తిన్న మూడు గంటలకి గొట్టంలో రంగు మారింది. సాయంత్రం తిన్నాక మళ్లీ అంతే. మధ్యలో పలుచబడింది."

డాక్టరు సీసాను మళ్లీ వెలుతురుకు ఎత్తాడు. చిన్నవాడే గాని అహంకారి కాడు. కాస్త ద్రవాన్ని పరీక్షనాళికలో పోయించి కిటికీలో నిలబెట్టించాడు. చీమైతే మడ్డి కిందికి దిగి పైన తేట పేరుకోవాలి. మధ్యాహ్నం దాకా చూసినా అది దిగలేదు. పైనుంచి కిందిదాకా ఒకే తెలుపు. అప్పుడు శస్త్రచికిత్స చేసే పెద్దమేడంకు కబురు పంపాడు. ఆవిడ వచ్చి, ద్రవంలో కొవ్వు ఎంతుందో కొలిపించింది. నూట పది దాటితే అనుమానం తీరినట్టేనట. అతనికి ఆరువందల నలభై వచ్చింది.

భార్యాభర్తలకు పెద్దమేడం మంచం పక్కనే నిలబడి చెప్పింది. "మనం తిన్న నూనె, వెన్న పేగుల్లోంచి నేరుగా రక్తంలోకి పోవు. వెన్నెముక ముందునుంచి ఒక సన్న గొట్టం పైకి వెళ్తుంది, మెడ దగ్గర రక్తంలో కలుస్తుంది. మీరు వెనక్కి విరుచుకుపడ్డప్పుడు అది చిట్లింది. తిన్న కొవ్వంతా ఛాతీలో కారిపోతోంది."

"అంటే నేను తెచ్చిన పాలే ఇవి?" అంది భార్య. ఆమె చెయ్యి నోటి మీదికి పోయింది.

"మీ పాల వల్లే జబ్బు బయటపడిందమ్మా. పస్తులుంటే ఇంకో వారం మాకు తెలిసేది కాదు."

వైద్యం ఆనాడే మొదలైంది. ముందు కొవ్వు లేని తిండి. తగ్గకపోవడంతో నోటికి ఏమీ లేకుండా, ఆహారమంతా నరంలోంచి. చిట్లిన గొట్టంలో ప్రవాహం తగ్గితే అది దానంతట అది మూసుకునే అవకాశం ఉంది. ప్రవాహాన్ని తగ్గించేందుకు రోజుకు మూడుసార్లు సూది. రెండు వారాలు చూద్దామన్నారు.

రక్తం పోతుంటే చూసేవాళ్లు కేకలు వేస్తారు. ఇది పోతుంటే ఎవరూ బెదరరు. అయితే దానితోపాటు పోయేది కొవ్వు ఒక్కటే కాదు: ఒంట్లోని మాంసకృత్తులు పోతాయి, రోగాలతో పోరాడే తెల్లకణాలు పోతాయి. రోజుకు లీటరు చొప్పున మేస్త్రి ఆ సీసాలోకి దిగిపోతున్నాడు. వారానికల్లా ముంజేతుల మీది కండ జారి, చర్మం వదులైంది. కాళ్లు మాత్రం ఉబ్బాయి. పక్క మంచం ముసలాయన దగ్గితే నర్సు వెంటనే తెర లాగేది. చిన్న జలుబు అంటుకున్నా ఇప్పుడతనికి కాచుకునే బలం లేదు.

అతనికి మాత్రం భయం వేరేచోట ఉంది. ఛాతీగానీ వెన్నుగానీ కోయించుకున్నవాడు పరంజా ఎక్కకూడదన్నది అతని ముఠా కట్టుబాటు. బరువంతా భుజాల మీద వేలాడే పనిలో ఒకడి పట్టు తప్పితే కిందున్నవాళ్లు పోతారు. ఆ కట్టుబాటు పెట్టింది అతనే. దాని ప్రకారం ఇద్దరిని తన నోటితో కిందికి దింపాడు. వాళ్లలో ఒకడు సొంత బావమరిది.

ఎనిమిదో రోజున, సీసాలక్క పది ఊపిర్లూ లెక్కపెట్టి లేవబోతుంటే అడిగాడు.

"ఎంతక్కా ఇవాళ?"

"ఏడువందల ఎనభై."

"ఎంతకి దిగితే కొయ్యరు?"

పెద్దమేడం చిన్న డాక్టరుతో అంటుండగా విన్నది ఆమెకు గుర్తుంది. "మూడొందల లోపు రావాలి. వరసగా మూడు రోజులు. అప్పుడు కోత అక్కర్లేదన్నారు."

"మూడొందలు, మూడు రోజులు," అని అతను వల్లె వేశాడు. బొంగుల లెక్క మనసులో పెట్టుకునే మనిషిలా కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు నాలుగువందల ముప్పై. ఆ తర్వాతి రోజు రెండువందల అరవై. చిన్న డాక్టరు నవ్వుతూ వచ్చి, సూది మందు పనిచేస్తోందన్నాడు. భార్య తెలిసిన దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంది. సీసాలక్క గొంతుక్కూర్చుని పది ఊపిర్లు చూసింది. నీళ్లు ఊగలేదు. ఇంకో పది చూసింది. గొట్టంలో మట్టం గీత గీసినట్టు కదలకుండా ఉంది. విచ్చుకుందన్నమాట, అనుకుంది. నర్సుకూ అదే చెప్పింది. చిన్న డాక్టరు వీపు మీద స్టెతస్కోపు ఆనించి, కింది భాగంలో ఊపిరి చప్పుడు మందంగా ఉందని గమనించాడు గాని, పడుకునే ఉండటం వల్ల అలా ఉంటుందనుకున్నాడు. ఎల్లుండి ఎలాగూ ఎక్స్‌రే ఉంది.

ఆ రోజు గొట్టం చుట్టూ ఉన్న కట్టు తడిసి ఉంది. మార్చారు. మరుసటి ఉదయానికి మళ్లీ తడిసింది. సీసాలో రెండువందల పది. కట్టుగుడ్డలు మాత్రం పిండితే కారేంత తడి. సీసాలక్క వాటిని బుట్టలో పడేయడానికి తీసుకుపోతూ మధ్యలో ఆగింది. లోపల లేనిది బయటికి ఎలా ఊరుతోంది? ఆ ప్రశ్న పూర్తిగా రూపు కట్టేలోగా ఇంకో మంచం నుంచి పిలుపొచ్చింది.

మధ్యాహ్నం చూడవచ్చేవాళ్ల వేళకు దర్జీ వచ్చింది. పది నిమిషాలు మొగుడి పక్కన కూర్చుని, లేచి, వరండాలో సీసాలు కడుగుతున్న సీసాలక్క దగ్గరికి నడిచింది.

"వదినా, ఈయనకి నిజంగా తగ్గుతోందా?"

"అంకె తగ్గిందిగా. ఏం?"

"నిన్న నన్ను ఒక్క మాట అనలేదు. ఇవాళా అనలేదు. పెళ్లయి ఇరవై ఏళ్లయింది, ఈయన నాతో పోట్లాడకుండా రెండు రోజులు గడవడం ఇదే మొదలు." ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు. "రెండేసి మాటలు మాట్లాడి ఆగుతున్నాడు. దుప్పటి సర్దబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు."

సీసాలక్క చేతిలోని సీసాను నేల మీద పెట్టింది. చేతులు తుడుచుకోకుండానే లోపలికి నడిచింది.

మేస్త్రి దిండ్లకు ఆనుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. పెదాల చుట్టూ బూడిద రంగు. మెడ నరాలు ప్రతి ఊపిరికీ లేచి పడుతున్నాయి. ఆమె వంగి సీసా వైపు చూడలేదు. గొట్టాన్ని సీసా దగ్గరనుంచి పైకి తడుముకుంటూ పోయింది, దుప్పటి అంచుదాకా. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో బలం లేదు.

"వద్దక్కా."

ఆమె దుప్పటి తొలగించింది. అతని తొడ పక్కన రబ్బరు గొట్టం రెండుగా మడతపడి, దాని మీద కట్టుగుడ్డ పేలిక బిగించి ఉంది. ఒక్క లాగుకు విడిపోయే జారుముడి. ఎత్తున వేలాడే మనుషుల బరువును ఆపే ముడి అది. నర్సు కట్టగలిగిందీ కాదు, డాక్టరు కట్టగలిగిందీ కాదు. ముడికి అటూ ఇటూ రబ్బరు మీద పాత మడతల గుర్తులు మూడు నాలుగు కనిపించాయి. మధ్యాహ్నాలు వార్డు కునుకు తీస్తున్నప్పుడు కాసేపు విప్పి, సీసాలోకి సరిపడా వదిలి, మళ్లీ కట్టేవాడు.

"ఎన్ని రోజుల్నుంచి?"

"ఇంకొక్క... రోజే. రేపటితో... మూడు." ఊపిరి అందుకున్నాడు. "నువ్వేగా... చెప్పావు."

ఆమె చెయ్యి పేలిక కొస మీదే ఉంది. లాగితే ముడి విడిపోతుంది. కానీ రెండు రోజులకు పైగా లోపల నిండినది ఒక్కసారిగా దూకితే, నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే ఏమవుతుందో ఆమె ఒకసారి చూసింది. పదేళ్ల కిందట, కిటికీ పక్క మంచంలో, ఒక మనిషి గులాబీరంగు నురగ దగ్గుతూ ఇరవై నిమిషాల్లో పోయాడు. ముడి ఉంచినా ప్రమాదమే, ఊడదీసినా ప్రమాదమే. గొట్టం ముట్టుకునే అధికారం ఆమెకు లేదు.

ఆమె ఎడమచేత్తో గొట్టాన్ని ముడికి పైన రెండు వేళ్ల మధ్య మడిచి నొక్కింది. అతని చెయ్యి తగిలి ముడి ఒక్కసారిగా ఊడిపోకుండా, కుడిచేత్తో తానే పేలిక లాగింది. ముడి ఊడింది. అతని ఛాతీలో ఉన్నదంతా ఇప్పుడు ఆమె రెండు వేళ్ల వెనక ఆగి ఉంది.

"సిస్టర్! డాక్టర్ని పిలవండి! పరిగెత్తండి!"

గుమ్మంలో నిలబడ్డ దర్జీకి ఏం జరుగుతోందో అర్థం కాలేదు. "ఏం చేశాడు వదినా? ఏం చేశాడీయన?"

"తర్వాత చెప్తా. భుజం పట్టుకో, పక్కకి వాలకుండా చూడు. నువ్వు మాట్లాడకు తమ్ముడూ. నన్ను చూస్తూ ఊపిరి తియ్యి."

చిన్న డాక్టరు వచ్చేసరికి ఆమె వేళ్లు తెల్లబారి ఉన్నాయి. అతను ముందు మూతిమీద ఆక్సిజన్ పెట్టించి, తర్వాత గొట్టానికి క్లిప్పు బిగించి, ఆమె చేతిని విడిపించాడు. కొంచెం వదిలి, ఆపి, మళ్లీ వదిలాడు. ఒక్కో అరలీటరు మధ్య గంటకు పైగా విరామం. పొద్దు వాలేసరికి దాదాపు రెండు లీటర్లు దిగింది. నోటికి ఏమీ పోవడం లేదు కనుక ఈసారి అది పసుపుగా ఉంది. నీళ్లు మళ్లీ ఊగాయి.

పెద్దమేడం కాగితాలన్నీ చూసింది. "ఇతనికి మూడొందలని ఎవరు చెప్పారు?"

చిన్న డాక్టరు నేలచూపులు చూశాడు. "నేనండి," అంది సీసాలక్క.

"ఎందుకు?"

"అడిగాడండి."

పెద్దమేడం కోపాన్ని అణచుకున్నట్టు కళ్లజోడు తీసి పట్టుకుంది. "అది మా నిర్ణయానికి గుర్తు. అతను గెలవాల్సిన పందెం కాదు. మనిషికి అంకె ఇచ్చి, ఆ అంకె ఏంటో చెప్పకపోతే ఇదే అవుతుంది." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "వేళ్లతో ఆపమని నీకెవరు నేర్పారు?" అంది.

ఆ మాట మెచ్చుకోలో మందలింపో సీసాలక్కకు ఈనాటికీ తెలియదు.

ఇక ఆగే వీలు లేదు. తక్కువ అంకెలన్నీ అబద్ధం కనుక కోత తప్పదు. ఇన్నాళ్లు కారిపోయిన ఒంటికి ఆ కోతను తట్టుకునే సత్తువ ఎంతుందో చెప్పగలిగినవారు లేరు. పెద్దమేడం సంతకం తీసుకోవడానికి వచ్చినప్పుడు ఆ మాట దాచలేదు. "ఆలస్యం వల్ల బలహీనపడ్డారు. ప్రమాదం ఉంది. చెయ్యకపోతే అంతకంటే ఎక్కువ ఉంది." లోపల చిట్లినచోటు కంటికి ఆనదనీ, కోతకు ముందు ముక్కు గొట్టంలోంచి మీగడ పోస్తే ఎక్కడ తెల్లగా ఊరితే అదే చిల్లు అనీ, దానికి కిందుగా నాళాన్ని కట్టేస్తామనీ చెప్పింది.

అంతా విని మేస్త్రి ఒకే ఒక్కటి అడిగాడు. "ముడి... జారదు కదా మేడం?"

"నాలుగు ముళ్లు వేస్తాను."

"రెండోది... తిరగేసి వెయ్యండి. జారదు."

"అలాగే వేస్తాం మేస్త్రీ," అంది పెద్దమేడం. అప్పుడే మొదటిసారి నవ్వింది.

కోత జరిగిన మూడు గంటలూ దర్జీ వరండాలో కూర్చుంది. సీసాలక్క తన వరస మంచాలన్నీ చూసుకుంది, ఒక్క సీసా దగ్గర కూడా పది ఊపిర్లు తగ్గించలేదు. అతను బతికి బయటికి వచ్చాడు. రెండు రోజులు జ్వరం కాసింది. మూడో రోజు దిగింది. సీసాలో నూట అరవై, తర్వాత తొంభై. అయితే ఈ అంకెలతో తేలేదేమీ లేదు. కొవ్వు తినకపోతే చిల్లున్న నాళం కూడా కొన్నాళ్లు నోరు మూసుకునే ఉండొచ్చు. ముడి నిలిచిందో లేదో చెప్పగలిగింది ఒక్క పరీక్షే. అయిదో రోజు ఉదయం వంటశాలనుంచి మీగడ కలిపిన పాల గ్లాసు వచ్చింది.

మేస్త్రి గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. పదిహేను రోజుల తర్వాత నోటిదాకా వచ్చిన మొదటి ఆహారం.

"తాగవయ్యా," అంది భార్య.

"తెల్లగా వస్తే?"

తెల్లగా వస్తే మళ్లీ కోతకు ఈ ఒంట్లో చోటు లేదని ముగ్గురికీ తెలుసు.

"ఇన్నాళ్లూ నేను నీకు అంకె చెప్పాను," అంది సీసాలక్క. "ఇవాళ చెప్పను. నువ్వు అడగొద్దు. నేనిక్కడే కూర్చుంటా, సీసా నేను చూస్తా. నువ్వు తాగు తమ్ముడూ."

సగం గ్లాసు తాగాడు, మందు మింగినట్టు. ఆమె స్టూలు లాక్కుని సీసాకు ఎదురుగా కూర్చుంది. మంచం మీదినుంచి అతనికి సీసా కనిపించదు, ఆమె మొహం కనిపిస్తుంది. మొదటి గంట గొట్టంలో ఏమీ రాలేదు. రెండో గంటలో కొద్దిగా వచ్చింది; ఆమె వంగి చూసింది, మొహంలో ఏ మార్పూ రానివ్వలేదు. దర్జీ ఆ మొహాన్నే చూస్తూ చీర కొంగు వేలికి చుట్టి విప్పుతోంది. మూడో గంట, తెల్లబడితే తెల్లబడే గంట. ఒక చుక్క గొట్టం గోడ వెంట నెమ్మదిగా దిగింది. ఎండుగడ్డి రంగు. ఇంకొకటి. అదే రంగు. నాలుగో గంటదాకా ఆమె లేవలేదు.

చిన్న డాక్టరు ద్రవం పట్టుకెళ్లి పరీక్షకు ఇచ్చి, ఫలితం చేతిలో పెట్టుకుని స్వయంగా వచ్చాడు. "కొవ్వు పద్దెనిమిది. కారడం ఆగింది. ముడి నిలబడింది."

డాక్టరు చెప్పింది విన్నాక కూడా మేస్త్రి సీసాలక్క వైపే చూశాడు. ఆమె తల ఊపింది. అప్పుడు అతను చెయ్యి చాపి మిగిలిన సగం గ్లాసు అడిగాడు.